తూపిలిపాళెం ఒడ్డున రోజూ గాలి సంగతి రాసే బోర్డు పెట్టాలి

సంపాదకుడికి,

అయ్యా,

మా తిరుపతి వాళ్లకు సముద్రం చూడాలంటే ఇదివరకు మైపాడో, చెన్నై మెరీనానో గుర్తొచ్చేది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా ఏర్పడ్డాక వాకాడు మండలం తూపిలిపాళెం మా జిల్లా తీరం అయింది. కార్తీకమాసం ముగిసిన దగ్గర్నుంచి సంక్రాంతి దాటేవరకు మేం నలుగురు స్నేహితులం కార్ల మీద కయాక్‌లు (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలు) కట్టుకుని, శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా అక్కడికి చేపల వేటకు వెళ్తుంటాం. మొదట్లో మేం తప్ప ఇంకెవరూ కనిపించేవాళ్లు కాదు. ఇప్పుడు ఒక్కో ఆదివారం మూడు నాలుగు బండ్లు మాకంటే ముందే వచ్చి ఆగి ఉంటున్నాయి. అందులో చాలామంది కుర్రాళ్లు. వాళ్లను చూస్తే నాకు భయంగా ఉంది. అందుకే ఈ ఉత్తరం.

కిందటి డిసెంబరులో మాకు జరిగింది చెప్తాను. తెల్లవారకముందే కయాక్‌లు నీళ్లలోకి దించాం. చలికాలంలో ఆ వేళకు నేల మీద నుంచి సముద్రం వైపు చల్లగాలి వీస్తుంది. అలలు అణిగి ఉంటాయి. తెడ్డు పెద్దగా వేయకపోయినా పడవ దానంతట అదే లోపలికి జారుతుంది. మన ఒళ్లు బలంగా ఉందనిపిస్తుంది కానీ ఆ బలం గాలిది. పొద్దెక్కేసరికి ఒడ్డుకు రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్నాం. నాలుగు పారలు, గుప్పెడు కానాగంతలు పడ్డాయి. వంజరం కోసం ఇంకొంచెం లోపలికి పోదామన్నది నేనే.

ఎనిమిదిన్నరకు గాలి పూర్తిగా నిలిచిపోయింది. సముద్రం చెరువులా ఉంది. గాలి దిక్కు మారేముందు అలా కాసేపు నిలుస్తుందని మాకు అప్పటికి తెలియదు. తొమ్మిది దాటాక ఈశాన్యం నుంచి గాలి లేచింది. అరగంటలో నీటి మీద తెల్లటి నురగలు మొదలయ్యాయి. వెనక్కి తిరిగి చూస్తే, బయలుదేరిన చోట గుర్తు పెట్టుకున్న సరుగుడు తోపు ఉత్తరాన ఎక్కడో చిన్నగా కనిపించింది.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాల కాలంలో, మన తీరం వెంబడి సముద్రపు నీరు ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుంది. దానికి ఈశాన్య గాలి తోడైతే కయాక్ దక్షిణానికి కొట్టుకుపోవలసిందే. తూపిలిపాళెంకు దక్షిణాన ఉన్నది శ్రీహరికోట. రాకెట్ ప్రయోగం ఉన్న రోజు ఆ సముద్రంలోకి మత్స్యకారుల పడవలనే రానివ్వరు. మామూలు రోజుల్లో కూడా మనలాంటి వాళ్లు అనుమతి లేకుండా కాలు పెట్టే నేల కాదది. మేం అటువైపు పోతున్నామని అర్థమయ్యాక మాకు వచ్చిన టెన్షన్ అంతా ఇంతా కాదు.

అయినా అసలు ప్రమాదం లోపల కాదు, ఒడ్డుకు చేరేచోట జరిగింది. గంటన్నర తెడ్డు వేసి చేతులు పడిపోయిన స్థితిలో విరిగే అలల్లోకి వచ్చాం. మాలో ఒకరి కయాక్ అలకు అడ్డంగా తిరిగి బోల్తాపడింది. తర్వాతి అలకు అదే కయాక్ వచ్చి అతని భుజానికి తగిలింది. లైఫ్ జాకెట్ ఉంది కాబట్టి తేలాడు. అంతకు ముందు రెండు వారాలు, తెడ్డు వేయడానికి అడ్డం వస్తోందని అతను జాకెట్ విప్పి సీటు వెనక కట్టేసేవాడు. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న మత్స్యకారులు ఫైబర్ పడవ నెట్టుకుని వచ్చి, తాడు విసిరి, అతన్ని లాక్కొచ్చారు. డబ్బులిస్తే తీసుకోలేదు. టీ మాత్రం వాళ్లే ఇప్పించారు.

వాళ్లలో పెద్దాయన అన్న మాట ఇది: "ఈ పొద్దు గాలి లేస్తాదని మావోళ్లు నిన్న సాయంత్రమే వలలు ఎత్తుకొచ్చేసినారు సార్. ఒక్క మాట అడిగుంటే చెప్పుంటాం గదా."

మేం అడగలేదు. చీకట్లో వచ్చాం, చీకట్లో దిగాం. వాళ్ల ఇళ్లు మేం బండి ఆపిన చోటికి పిలిస్తే వినిపించేంత దగ్గర. తెలిసినవాళ్లు అక్కడే ఉన్నారు, తెలియక మేం నీళ్లలో ఉన్నాం.

ఆ రోజు వాతావరణ శాఖ హెచ్చరిక ఏదీ లేదు. అది వాళ్ల తప్పు కాదు. మత్స్యకారులను వేటకు వెళ్లవద్దని చెప్పే హెచ్చరికలు సాధారణంగా గంటకు 45 కిలోమీటర్లు, ఆపైన వీచే గాలులకు ఇస్తారు. ఇంజను ఉన్న పడవకు ఆ లెక్క సరిపోతుంది. కయాక్ మీద మేం గంటకు నాలుగైదు కిలోమీటర్లకు మించి పోలేం. 20 కిలోమీటర్ల గాలి ఎదురైతేనే మా పని అయిపోతుంది. టీవీలో తుపాను లేదన్నారు కాబట్టి సముద్రం బాగుందనుకోవడం మాలాంటి వాళ్లందరం చేసే పొరపాటు.

హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ అల ఎత్తు, గాలి వేగం, నీటి ప్రవాహం ఎలా ఉండబోతాయో రోజూ చెబుతుంది. 'సముద్ర' అనే దాని యాప్ ఫోన్లో వేసుకోవచ్చు. కొన్ని ఫిషింగ్ హార్బర్లలో ఎలక్ట్రానిక్ బోర్డులు కూడా పెట్టారు. తూపిలిపాళెంలో అంత ఖర్చు అక్కర్లేదు, ఉప్పుగాలికి అవి ఎన్నాళ్లుంటాయో కూడా చెప్పలేం. కార్లు ఆగే చోట ఒక మామూలు బోర్డు చాలు. రోజూ సాయంత్రం దాని మీద సుద్దముక్కతో మరునాటి గాలి ఎటు నుంచి, ఎంత వేగం, అల ఎంత ఎత్తు, ఎన్ని గంటలకల్లా తిరిగి రావాలి అన్నది తెలుగులో రాయాలి. కింద తీర రక్షక దళం నంబరు 1554 పెయింటుతో ఉండాలి. రాకెట్ ప్రయోగం ఉంటే అదీ రాయాలి.

రాసే పని ఊరి మత్స్యకారుల్లో ఒకరికి జీతం ఇచ్చి అప్పగించాలని నా కోరిక. యాప్ చెప్పేది మొత్తం తీరానికి. ఈ పాయింటు దగ్గర ఇసుక తిన్నె ఈ నెల ఎక్కడుందో, అల ఎక్కడ విరుగుతోందో వాళ్లకే తెలుసు. ఆయన దగ్గరే ఒక పుస్తకం ఉండాలి. నీళ్లలోకి దిగేవాళ్లు పేరు, ఫోన్ నంబరు, ఎన్నింటికి తిరిగొస్తారో రాసి దిగాలి. లైఫ్ జాకెట్ ఒంటి మీద లేకపోతే దిగనివ్వకూడదు. మనిషికి యాభయ్యో వందో రుసుము పెట్టినా మేం సంతోషంగా కడతాం. కారుకు ఏడెనిమిది వందల పెట్రోలు పోసుకుని వచ్చేవాళ్లకు అదొక లెక్క కాదు.

మత్స్యకారుల వైపు నుంచి ఇంకో మాట. వేట వాళ్లకు బతుకు, మాకు సరదా. వాళ్ల వలలకు కట్టిన తేలే బెండ్ల మధ్యకు కయాక్‌లు పోతున్నాయి, గాలాలు వలలో చిక్కుతున్నాయి. ఒకసారి మా గాలం విడిపించుకోవడానికి మేమే వల కన్నులు రెండు మూడు కోశాం. తర్వాత వెళ్లి ఒప్పుకుని డబ్బు కట్టాం, కానీ ఆ రోజు వేట పోయింది కదా, అది ఎవరిస్తారు? జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ ఒడ్డుకు వస్తాయి. కిందటేడు ఒకటి నా కయాక్ పక్కనే తల పైకెత్తి, గాలి పీల్చుకుని మునిగిపోయింది. అంత దగ్గరగా దాన్ని చూసింది జీవితంలో అదొక్కసారే. అవి వచ్చే నెలల్లో ఎక్కడ దిగాలో, ఎక్కడ దిగకూడదో కూడా ఆ బోర్డు మీదే చెప్పొచ్చు.

ఈ విషయం మీద ఒక కార్యాలయానికి వెళ్తే కయాక్ చేపల పడవ కాదు, మా పరిధి కాదన్నారు. ఇంకో చోట అది పర్యాటకం కాదు, వేట అన్నారు. మూడో చోట ఏదైనా జరిగితే మొత్తం నిషేధిస్తామన్నారు. నిషేధిస్తే తూపిలిపాళెంలో దిగేవాళ్లు మనిషి లేని ఒడ్డు చూసుకుని దిగుతారు. అక్కడ తాడు విసిరేవాళ్లు ఉండరు.

కనుమ సెలవులకు ఈ తీరానికి జనం విరగబడి వస్తారు. జిల్లా కలెక్టరు గారు మత్స్యశాఖను, పర్యాటక శాఖను, మెరైన్ పోలీసులను ఒకచోట కూర్చోబెట్టి ఈలోగా కనీసం బోర్డు, పుస్తకం వరకైనా ఏర్పాటు చేయించాలని కోరుతున్నాను. బోర్డు ఖర్చు మా నలుగురం పెట్టుకుంటాం. పాతడానికి అనుమతి ఇస్తే చాలు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
తిరుపతి