లారీ క్యాబిన్‌లో 12 వోల్టుల లైను కంపెనీ నుంచే ఇప్పించండి: కేంద్ర రవాణా మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మంత్రి శ్రీ నితిన్ గడ్కరీ గారికి నమస్కారాలు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు వైరింగ్ పని చేసే ఎలక్ట్రీషియన్‌ని. చెన్నై–కోల్‌కతా రోడ్డు మీద తిరిగే బండ్లూ, హైదరాబాద్ రోడ్డు బండ్లూ మా దగ్గరికి వస్తాయి. ఈమధ్య ఎక్కువగా వస్తున్న ఫిర్యాదు బయట కొని బిగించిన నావిగేషన్ స్టీరియోల (తెర మీద మ్యాపులో దారి చూపించేవి) గురించి. నడుస్తూ నడుస్తూ ఆగిపోతోందనో, మ్యాపులో బాణం కదలడం లేదనో, అది పెట్టించినప్పటి నుంచి బ్యాటరీ దిగిపోతోందనో బండి తెస్తారు. విప్పి చూస్తే చాలాసార్లు సెట్టు బాగానే ఉంటుంది. దానికి కరెంటు ఎక్కడి నుంచి లాగారో అక్కడ ఉంటుంది తప్పంతా. ఆ తప్పు జరగకుండా చూడటం మీ చేతిలో ఉంది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

పెద్ద లారీలో ఉండేది 24 వోల్టులు. రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరసగా కలిపితే అది వస్తుంది. ఇంజను నడుస్తుంటే 28 దాకా పోతుంది. బజారులో దొరికే ఆండ్రాయిడ్ స్టీరియోలు చాలావరకు కార్ల కోసం చేసినవి, 12 వోల్టులవి. నేరుగా కలిపితే మాడిపోతాయి. 24ను 12కి దించే కన్వర్టర్ పెట్టి ఇవ్వడం సరైన పద్ధతి. రోడ్డు పక్కన, లోడుకు టైమైపోతున్న తొందరలో, కన్వర్టర్ ఎవరూ అడగరు. రెండు బ్యాటరీలను కలిపే లింకు దగ్గర ఒక వైరు తగిలించి, ఎర్త్ వైపున్న బ్యాటరీ ఒక్కదాని మీదే సెట్టు నడిపిస్తారు. పాట వస్తుంది, మ్యాపు వస్తుంది, డ్రైవరు డబ్బులిచ్చి వెళ్లిపోతాడు.

ఆ వైరు చేసే నష్టం నెలల తర్వాత బయటపడుతుంది. మొన్నామధ్య గుంటూరులో మిర్చి లోడు దింపుకొని ఒక 12 టైర్ల బండి వచ్చింది. సెల్ఫ్ కొట్టినప్పుడల్లా స్టీరియో ఆరిపోయి మళ్లీ మొదటి నుంచి లేస్తోంది. ‘సెట్టు పాడైంది, మార్చేయన్నా’ అన్నాడు డ్రైవరు. ఇంజను నడుస్తుండగా రెండు బ్యాటరీలకూ విడివిడిగా మీటరు పెట్టాను. ఒకటి 15.2 వోల్టులు, స్టీరియో వైరు తగిలించినది 12.9. కలిపి చూస్తే 28.1, అంటే బ్యాటరీలను చార్జ్ చేసే డైనమో బాగానే ఉంది. ఎక్కువ చూపించిన బ్యాటరీ మూతలు తీస్తే నీళ్లు ప్లేట్ల కిందికి దిగి ఉన్నాయి. పైన తెల్లటి పొడి పేరుకుంది.

డైనమో ఆ రెండింటికీ ఒకే కరెంటు పంపుతుంది. దాంట్లో స్టీరియో వాటా ఒక బ్యాటరీ నుంచే పోతుంటే అది ఎన్నడూ నిండదు, రెండోది నిండాక కూడా చార్జవుతూనే ఉండి ఉడికిపోతుంది. ఒకే కాడికి కట్టిన ఎడ్లలో ఒక్కదాని మీదే బరువు వేసినట్టు. చివరికి రెండూ చెడతాయి, రెండూ కలిపే మార్చాలి. ఓనరేమో బ్యాటరీ కంపెనీని తిడతాడు, వారంటీ కోసం గొడవపడతాడు. ఒక్క బండే ఉండి, దాని మీద ఫైనాన్సు కట్టుకునే మనిషికి జత బ్యాటరీలంటే ఒక ట్రిప్పులో మిగిలే డబ్బుకు మించిన ఖర్చు. ఇది నేను కళ్లారా చూస్తున్నాను కాబట్టే ఇంత వివరంగా చెబుతున్నాను.

బ్యాటరీ పోతే డబ్బుతో పోతుంది. నాకు అసలు భయం వైరు. లారీ క్యాబిన్ ముందుకు వంగుతుందని మీకు తెలుసు. బ్యాటరీ పెట్టె ఛాసిస్ మీద ఉంటుంది, స్టీరియో క్యాబిన్‌లో ఉంటుంది. ఆ రెంటి మధ్య పోయే వైరుకు కాస్త వదులు ఇవ్వకుండా బిగించి కట్టేస్తే, క్యాబిన్ వంచిన ప్రతిసారీ లాక్కుపోతుంది, ఇనుప అంచుకు రాసుకొని పైపొర ఊడుతుంది. బ్యాటరీ దగ్గర ఫ్యూజ్ లేకపోతే ఆ రాగితీగ ఛాసిస్‌కు తగిలిన క్షణాన మంటే. ఫ్యూజ్ ఉన్న బండ్లలో కూడా అది స్టీరియో వెనకాల ఉంటుంది, అక్కడిదాకా వచ్చే వైరంతటికీ రక్షణ ఉండదు. ఆ క్యాబిన్‌లోనే డ్రైవరూ క్లీనరూ రాత్రిళ్లు నిద్రపోతారు.

మిగతా తప్పులు దీనంత ప్రమాదం కాదు. ఎప్పుడూ కరెంటు ఉండాల్సిన పసుపు వైరునూ, తాళం తిప్పితేనే రావాల్సిన ఎరుపు వైరునూ ఒకటే చేసేస్తారు. బండి ఆపినా సెట్టు లోపల మేల్కొనే ఉండి తెల్లారేసరికి బ్యాటరీ దించేస్తుంది. రివర్స్ లైటుకు వచ్చే 24 వోల్టులు బండి వెనక చూపించే కెమెరాకు కలిపి దాన్ని కాల్చేస్తారు. జీపీఎస్ యాంటెన్నాను డ్యాష్‌బోర్డు లోపల రేకు కింద దాచేస్తారు. దానికి ఆకాశం కనబడాలి, ముందు అద్దం కింద దేవుడి పటం పక్కన అంటిస్తే చాలు, బాణం కదులుతుంది.

ఇంత అవస్థ పడి స్టీరియో ఎందుకంటారేమో. మీ శాఖే 2020 అక్టోబరు నుంచి నిబంధన మార్చి, బండి నడిపేటప్పుడు చేతి ఫోనును దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ డ్రైవరు ధ్యాస చెదరకుండా వాడాలని చెప్పింది. మంచి మాట. తెలియని ఊళ్లో, అర్ధరాత్రి, ఏ గోడౌనుకు ఎటు తిరగాలో తెలియని డ్రైవరు ఒక చేత్తో ఫోను పట్టుకునే కన్నా, ఎదురుగా బిగించిన తెరను చూస్తూ మాట వింటూ నడపడమే మేలు. అందుకే వాళ్లు సొంత డబ్బులు పెట్టి కొంటున్నారు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. డ్రైవరు కూర్చునే చోటు గురించి ఢిల్లీలో ఒకరు ఆలోచించారని మా ఆటోనగర్‌లో అందరూ సంతోషించారు. అదే దారిలో ఇంకొక్క అడుగు వేయమంటున్నాను.

24 వోల్టుల ప్రతి కొత్త లారీకీ డ్యాష్‌బోర్డు వెనక కంపెనీయే ఒక సాకెట్ పెట్టాలి. అందులో ఎప్పుడూ ఉండే 12 వోల్టులు, తాళంతో వచ్చే 12 వోల్టులు, రివర్స్ సిగ్నల్, మంచి ఎర్త్ ఉండాలి. దానికి సొంత కన్వర్టర్, సొంత ఫ్యూజ్ ఉండాలి. ఎన్ని ఆంపియర్లు తట్టుకుంటుందో పక్కనే రాసి ఉండాలి. కొన్ని కొత్త మోడళ్లలో ఫోను చార్జింగుకు పాయింటు ఇస్తున్నారు, కానీ స్టీరియో లోడుకు అది సరిపోదు. ఏ కంపెనీ బండయినా సాకెట్ ఒకే తీరుగా ఉంటే రోడ్డు పక్కన కుర్రాడు కూడా వైరు కోయకుండా, బ్యాటరీ పెట్టె తెరవకుండా పని ముగిస్తాడు. పాత బండ్ల సంగతి వేరు. వాటి కోసం బజారులో అమ్మే కన్వర్టర్లకు ఒక ప్రమాణం పెట్టండి. పెట్టె మీద 10 ఆంపియర్లని రాసి, సగం లోడుకే మాడిపోయేవి మేం రోజూ చూస్తున్నాం.

వైరింగ్ పటాలు కూడా అందరికీ ఇప్పించండి. ఏ రంగు వైరు ఎక్కడికి పోతుందో కంపెనీ షెడ్డుకు తప్ప బయట తెలియదు. కాబట్టే మావాళ్లు టెస్ట్ ల్యాంప్ (వైరులో కరెంటు ఉంటే వెలిగే చిన్న బల్బు) పట్టుకొని ఒక్కో వైరునూ గుచ్చి చూస్తారు. కంప్యూటర్లతో నడిచే ఇప్పటి ఇంజన్లలో అలా గుచ్చడం ఎంత చేటో మీ ఇంజనీర్లే చెబుతారు. కార్ల విషయంలో బయటి మెకానిక్‌లకు సాంకేతిక సమాచారం అందాలని, కంపెనీల మధ్య పోటీ సక్రమంగా ఉండేలా చూసే కాంపిటీషన్ కమిషన్ 2014లోనే 14 కంపెనీలపై ఆదేశం ఇచ్చింది. వినియోగదారుల శాఖ 2022లో తెరిచిన రైట్ టు రిపేర్ (బాగుచేయించుకునే హక్కు) పోర్టల్‌లో వాహన రంగాన్ని కూడా చేర్చింది. లారీ ఎలక్ట్రీషియన్ దాకా అది రావాలంటే మీ శాఖ పూనుకోవాలి.

ఇలాంటి ప్రమాణాలు రాసే ఆటోమోటివ్ ఇండస్ట్రీ స్టాండర్డ్స్ కమిటీకి పుణెలో వాహనాలను పరీక్షించే సంస్థ ఏఆర్‌ఏఐ సచివాలయమని తెలుసు. ఈ సాకెట్ విషయం ఆ కమిటీకి పంపండి. చర్చకు కంపెనీల ఇంజనీర్లతో పాటు రోడ్డు మీద బండి విప్పే ఎలక్ట్రీషియన్లలో ఇద్దరు ముగ్గుర్ని కూడా పిలవండి. కబురు పెడితే మేం కాలిన వైర్లు, ఉడికిన బ్యాటరీలు వెంట తీసుకొని మా ఖర్చుతోనే పుణె వస్తాం.

భవదీయుడు,
లారీ ఎలక్ట్రీషియన్, ఆటోనగర్, విజయవాడ