రెప్పపాటు నిజమే, సరిజోడీ మాటే సందేహం

సంపాదకులకు నమస్కారం.

డేటింగ్ యాప్‌ల మీద వచ్చే వార్తల్లో “రెప్పపాటులో సరిజోడీని వెతికిపెడుతుంది” అన్న మాట అలవాటుగా దొర్లిపోతోంది. రెప్పపాటు నిజమే. సరిజోడీ సంగతి వేరు. యాప్ తెరిచిన ఆ క్షణంలో సర్వర్ చేసేది చాలావరకు వడపోత. దగ్గర్లో ఎవరున్నారు, ఇప్పుడు ఎవరు అందుబాటులో ఉన్నారు, వయసు, దూరం వంటి షరతులు ఇరువైపులా కుదురుతున్నాయా, వీళ్లను ఇదివరకే చూపించేశామా అని చూస్తుంది. అభిరుచుల లెక్కలో బరువైన భాగం సాధారణంగా ముందే కట్టిపెట్టి ఉంటుంది. అప్పటికప్పుడు దాన్ని తీసి వరస పేర్చడమే మిగిలేది.

దూరం లెక్కే చూడండి. లక్షల మందితో ఒక్కొక్కరి దూరం కొలుస్తూ పోతే పని తెమలదు. అందుకని భూమిని గళ్లుగా విడగొట్టి ప్రతి గడికీ ఒక కోడ్ ఇస్తారు. జియోహ్యాష్ పద్ధతిలో ఐదక్షరాల కోడ్ అంటే భూమధ్యరేఖ దగ్గర సుమారు 4.9 కిలోమీటర్ల చదరం. ఆరక్షరాలైతే 1.2 కిలోమీటర్ల వెడల్పు, 0.6 కిలోమీటర్ల ఎత్తు. అయితే గడి అంచున నిలబడ్డ మనిషికీ, గీత అవతల పదడుగుల దూరంలో ఉన్న మనిషికీ కోడ్‌లు ఏ పోలికా లేకుండా ఉండొచ్చు. కాబట్టి చుట్టూ ఉన్న 8 గళ్లనూ కలుపుకొని 9 గళ్లలో వెతకాలి, ఆ దొరికిన కొద్దిమందికే అసలు దూరం కట్టాలి. ఇది మరిచిన యాప్‌లో ఐదు కిలోమీటర్ల అవతలివాళ్లు కనబడతారు, ఎదురింటివాళ్లు కనబడరు.

చూసేసిన ప్రొఫైళ్లను గుర్తుంచుకోవడానికి బ్లూమ్ ఫిల్టర్ (పేర్లకు బదులు వాటి గుర్తులను కొద్ది చోటులో కుదించి దాచే పట్టిక) వాడడం ఒక పద్ధతి. 1970 నాటిదే అయినా ఇప్పటికీ పొదుపైనది. నూటికి ఒక తప్పు ఒప్పుకుంటే 10,000 ప్రొఫైళ్లకు దాదాపు 12 కిలోబైట్లు చాలు. చూసినవాళ్లను అది మళ్లీ రానివ్వదు. చూడనివాళ్లలో నూటికి ఒకరిని మాత్రం చూసేసినట్టే లెక్కవేస్తుంది. ఆ ఒకరు ప్రతిసారీ అదే మనిషి కావడమే చిక్కు. ఆ గుర్తులు కట్టే లెక్కకు మొదట ఇచ్చే సంఖ్యను (హ్యాష్ విత్తనం) మార్చి ఫిల్టర్‌ను అప్పుడప్పుడు కొత్తగా కట్టకపోతే ఆ ఇద్దరూ ఎన్నటికీ ఎదురుపడరు.

ఇక ఇద్దరికీ ఎంత పొంతన ఉందో చెప్పే శాతం. ఓకేక్యుపిడ్ అనే డేటింగ్ సైటు ఒకప్పుడు బయటపెట్టిన పద్ధతి ఈ విషయంలో నిజాయితీగా ఉండేది. ప్రతి ప్రశ్నకూ మీరిచ్చే ప్రాధాన్యాన్ని బట్టి 0, 1, 10, 50, 250 మార్కులుండేవి. అవతలివారి జవాబులు మీ మార్కుల్లో ఎంత వంతు గెలిచాయో ఒక లెక్క, మీ జవాబులు వారి మార్కుల్లో ఎంత గెలిచాయో మరో లెక్క. రెండింటినీ గుణించి వర్గమూలం తీసేవారు. మీకు వారు 90 శాతం నచ్చి, వారికి మీరు 10 శాతమే నచ్చితే సగటు 50 వస్తుంది, ఈ పద్ధతిలో 30 వస్తుంది. ఒకవైపు ఇష్టాన్ని సగటు దాచేస్తుంది, గుణకారం దాచదు. పైగా ఇద్దరూ జవాబిచ్చిన ఉమ్మడి ప్రశ్నలు 50 అయితే శాతం 98 దాటకూడదని, రెండే అయితే 50 దాటకూడదని హద్దు కూడా ఉండేది. ఎన్ని ప్రశ్నల మీద కట్టారో చెప్పకుండా “97 శాతం” అని చూపితే అది అలంకారమే.

ఆ అంకె మనుషుల మీద పనిచేస్తుందన్నది మాత్రం నిజం. 2014లో అదే సంస్థ, 30 శాతం పొంతన ఉన్నవారికి 90 శాతం అని చూపి పరీక్షించినట్టు తానే ఒప్పుకుంది. శాతం పెద్దదిగా కనబడేసరికి సంభాషణలు పెరిగాయి.

గేల్-షాప్లీ పద్ధతి గురించి కూడా ఒక మాట. తమ జతలను వదిలి ఒకరినొకరు కోరుకునే ఇద్దరు మిగలకుండా, అంటే స్థిరంగా, రెండు వైపుల వారిని జతపరిచే లెక్క ఇది. 1962 నాటి ఈ గణితాన్ని 2018లో హింజ్ అనే డేటింగ్ యాప్ తన సిఫార్సులకు వాడింది. ఆ సిఫార్సు రోజుకొకటి చొప్పున వస్తుంది. కారణం ఊహించవచ్చు. ఇరువైపుల ఇష్టాల వరసలూ చేతిలో ఉంటేగాని ఆ లెక్క నడవదు, మనుషులు వస్తూ పోతూ ఉండే తక్షణ వేదికకు అది యథాతథంగా కుదరదు. ఎవరు ఎవరితోనైనా జతకట్టగల గుంపులో స్థిరమైన జతలు అసలు ఉండకపోవచ్చని కూడా ఆ 1962 వ్యాసమే నలుగురితో ఉదాహరణ కట్టి చూపింది.

నిజంగా తక్షణం జరగాల్సింది పరస్పర లైక్‌ను పట్టుకోవడం. ఇద్దరూ ఒకే క్షణంలో లైక్ నొక్కితే, “అవతలి లైక్ ఉందా” అని ముందు చూసి తర్వాత తనది రాసే ప్రోగ్రామ్‌లో ఇద్దరికీ “లేదు” అన్న జవాబే వస్తుంది, మ్యాచ్ గల్లంతవుతుంది. ఇద్దరి ఐడీల్లో చిన్నదాన్ని ముందు పెట్టి, డేటాబేస్‌లో జంటకు ఒకే వరుస ఉంచి, చదవడం, రాయడం విడదీయరాని ఒకే చర్యగా చేస్తే ఈ లోపం పోతుంది. మ్యాచ్ రెండుసార్లు నమోదు కావడమూ ఆగుతుంది.

మనిషి ఆన్‌లైన్‌లో ఉన్నట్టు చూపే ఆకుపచ్చ చుక్కనూ అతిగా నమ్మొద్దు. ఫోన్ 30 సెకన్లకోసారి “ఉన్నాను” అని చెబుతూ, మూడుసార్లు చెప్పకపోతే చుక్క ఆరేలా అమర్చారనుకోండి. మనిషి వెళ్లిపోయాక కూడా అది నిమిషంన్నర దాకా వెలుగుతూ ఉండొచ్చు.

అన్నిటికన్నా ప్రమాదం దూరంతోనే. టిండర్ అనే డేటింగ్ యాప్ సర్వర్ దూరాన్ని అనేక దశాంశ స్థానాల దాకా పంపేదని, మూడు చోట్ల నుంచి కొలిచి మనిషి ఉన్న చోటును పట్టేయడానికి వీలుండేదని భద్రతా పరిశోధకులు 2014లో వెల్లడించారు. దూరాన్ని తెర మీద మాత్రమే పూర్ణాంకానికి సవరించి చూపితే చాలదు. సర్వర్‌లోనే అలా సవరించినా, 2 కిలోమీటర్లు 3గా మారే చోటు కోసం నకిలీ లొకేషన్‌ను జరుపుతూ పోయేవాడు అదే పని చేయగలడు. ముందు మనిషి స్థానాన్నే గడి మధ్యకు జరిపి, ఆ తర్వాత దూరం కట్టాలి.

యాప్‌ల గురించి రాసేటప్పుడు మీ విలేకరులు సంస్థలను రెండు ప్రశ్నలు అడగాలని మా మనవి. చూపే శాతం ఎన్ని ఉమ్మడి జవాబుల మీద కట్టింది? దూరం కట్టేది అసలు స్థానం నుంచా, జరిపిన స్థానం నుంచా?

భవదీయులు,
సిఫార్సు వ్యవస్థలపై పనిచేసే ఇంజనీర్లు