రంగులంటిన యూనిఫాం గురించి: ఎల్‌కేజీ, యూకేజీ తల్లిదండ్రులకు

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో ముగ్గురు నలుగురు నన్ను పక్కకు పిలిచి దాదాపు ఒకే మాట అడిగారు. "మేడమ్, పాపకు ఇంకా 'అ' సరిగ్గా రాయడం రావట్లేదు. మీరేమో వారంలో మూడు రోజులు మట్టి, రంగులు అంటున్నారు. సాయంత్రానికి యూనిఫాం చూడలేకపోతున్నాం." అడగడం మంచిదే అయింది. ఆ రోజు నిలబడి వివరంగా చెప్పే తీరిక దొరకలేదు. అందుకే ఈ నెల ఉత్తరం మొత్తం ఆ విషయమే రాస్తున్నాను.

ముందు చేతి సంగతి. మన మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. నాలుగేళ్ల పిల్లల్లో అవన్నీ ఇంకా గట్టిపడవు, కొన్ని మెత్తటి మృదులాస్థిగానే ఉంటాయి. అలాంటి చేతికి పెన్సిలిచ్చి పేజీ నిండా 'అ' దిద్దమంటే పిడికిలి బిగించి పట్టుకుంటారు, కాగితం చిరిగేలా నొక్కుతారు, రెండు నిమిషాలకే చెయ్యి నొప్పి అంటారు. అదే చేతిలో బంకమట్టి ముద్ద పెట్టి చూడండి. పిసుకుతారు, సాగదీస్తారు, అరచేతుల మధ్య దొర్లించి పాము చేస్తారు, బొటనవేలు, చూపుడువేలు కలిపి గిల్లి ఏనుగుకు తోక పెడతారు. పెన్సిల్ పట్టుకోవడానికి కావాల్సిన పట్టు ఆ గిల్లడంలోనే వస్తుంది. యూకేజీ పిల్లలు ఇప్పుడు మట్టి పామును వంచి 'అ' చుడుతున్నారు. పలక మీద రాయడం ఆ తర్వాత.

ఇది మేం కొత్తగా పెట్టిన పద్ధతి కాదు. జర్మనీలో 1837లో చిన్నపిల్లల కోసం బడి తెరిచి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టిన ఫ్రోబెల్ కాగితం మడతలు, అల్లిక, మట్టి పని పిల్లల రోజులో భాగం చేశారు. మన దేశంలో గిజుభాయ్ బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిర్ మొదలుపెట్టి పిల్లలకు బెత్తం బదులు కథలు, పాటలు, ఆటలు ఇచ్చారు. 2020 జాతీయ విద్యావిధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే పునాది దశగా చూసి, ఆటతో పాటు బొమ్మలు వేయడం, చేతిపని ఆ దశలో ఉండాలంటోంది. కాబట్టి సిలబస్ పక్కన పెట్టామని ఎవరూ టెన్షన్ పడనక్కర్లేదు.

మొన్న బుధవారం ఎల్‌కేజీలో జరిగింది మీకు చెప్పాలి. ఆ రోజు పిల్లలు వంటింటి రంగులతో బొమ్మలు వేశారు. పసుపు, బీట్‌రూట్ రసం, నూరిన పాలకూర. ఒక బాబు పసుపుతో పెద్ద పొద్దుతిరుగుడు పువ్వు వేసి చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. సబ్బు రుద్దగానే అరచేతులు ఎర్రబడ్డాయి. రక్తం అనుకుని కెవ్వున ఏడ్చాడు. టీచర్ దగ్గరికి తీసుకుని, ఒక గిన్నెలో సబ్బు నీళ్లు కలిపి కుంచె చేతికిచ్చి, ఆరిన పువ్వు మీద రాయమన్నారు. కుంచె వెళ్లిన చోటల్లా ఎర్ర గీత. ఏడుపు ఎప్పుడు ఆగిందో తెలీదు. క్లాసంతా వాడి చుట్టూ మూగింది. చివరికి టీచర్ నిమ్మచెక్క పిండారు, ఎరుపు మళ్లీ పసుపైంది! పసుపు నీళ్లలో సున్నం కలిపి దిష్టి తీయడం ఇంట్లో చూసే ఉంటారు కదా, ఆ ఎర్రనీళ్ల వెనక ఉన్నదీ ఇదే గుణం. వాళ్లకు ఆమ్లం, క్షారం అనే మాటలు చాలా ఏళ్ల తర్వాత వస్తాయి. కళ్లతో చూడటం మాత్రం ఇప్పుడే అయిపోయింది.

ఇప్పుడు ఒక తప్పు ఒప్పుకోవాలి. పోయిన ఏడాది వార్షికోత్సవానికి వచ్చినవాళ్లకు మెయిన్ హాల్ గోడ నిండా ఉన్న నెమళ్లు గుర్తుండే ఉంటాయి. అన్నీ ఒకే సైజు, ఒకే నీలం, ఒక్కటీ గీత దాటలేదు. అందరూ మెచ్చుకున్నారు, నాకూ సంతోషమేసింది. కానీ వాటిని కత్తిరించింది టీచర్లు, రంగులు సరిచేసింది ఆయాలు. పిల్లలు అంటించింది కళ్లు మాత్రమే. "నీ నెమలి ఏది?" అని వాళ్ల నాన్న అడిగితే ఒక పాప గోడంతా వెతికి, తెలియక నా వైపు చూసింది. ఆ చూపు నేను మర్చిపోలేదు. ఈ ఏడాది నుంచి పిల్లల పని మీద పెద్దవాళ్ల చెయ్యి పడదు. గోడ మీద వంకర టింకర నెమళ్లే ఉంటాయి, మూడు కాళ్లున్నవి కూడా.

మీ నుంచీ అదే కోరుతున్నాను. ఈ వయసు పిల్లలు మనిషిని గీస్తే తలలోంచే నేరుగా కాళ్లు వస్తాయి, పొట్ట ఉండదు. దాదాపు పిల్లలందరూ ఈ దశ దాటే వెళ్తారు. "పొట్ట ఏదిరా?" అని మీరు గీసి చూపించకండి, కొన్ని నెలల్లో వాళ్లే గీస్తారు. ఒక అమ్మగారు డైరీలో "మా వాడు పేజీ మొత్తం నల్లగా రుద్దేస్తున్నాడు, ఏమైనా సమస్యా?" అని రాశారు. టీచర్ ఆ కాగితం చూపించి "దీని గురించి చెప్పు నాన్నా" అంటే, "ఇక్కడ ఆవుంది, దూడ ఉంది, అప్పుడు కరెంటు పోయింది" అన్నాడు. వెలుతురు పడేలా పట్టుకుని చూస్తే నలుపు కింద నిజంగానే ఆవు కొమ్ములు కనిపించాయి. అడగకపోతే ఆ కాగితం చెత్తబుట్టలోకి వెళ్లేది.

ఎడమచేతి వాటం పిల్లలు మా దగ్గర ఐదుగురున్నారు. కుంచె, కత్తెర కుడిచేతిలోకి మార్చమని దయచేసి ఎవరూ చెప్పకండి. వాళ్ల కోసం ఎడమచేతి కత్తెరలు తెప్పించాం.

వచ్చే సోమవారం పిల్లలతో పాటు నాన్నగారి పాత చొక్కా ఒకటి పంపండి. వెనక్కి తిప్పి తొడిగి గుండీలు పెడితే మోకాళ్ల దాకా ఏప్రాన్ అవుతుంది, యూనిఫాం గొడవ చాలావరకు తీరుతుంది. పాత పేపర్లు, ఉల్లిపాయ తొక్కలు, కూరకు పనికిరాని ముదిరిన బెండకాయలు కూడా కావాలి. బెండకాయను అడ్డంగా కోసి రంగులో అద్దితే చక్కటి పువ్వు పడుతుంది. పూసలు, చింతగింజలు, శనగల్లాంటివి మాత్రం ఎల్‌కేజీకి వద్దు. ముక్కులోనో చెవిలోనో పెట్టుకుంటారు. గురివింద గింజలు ఏ తరగతికీ పంపొద్దు, అందంగా ఉన్నా వాటి లోపల ఉన్నది విషం.

ఇంకో మాట. మీ ఇంట్లో బుట్టలు అల్లడం, చుక్కల ముగ్గు వేయడం, కుండలు చేయడం తెలిసిన పెద్దవాళ్లుంటే ఒక గంట మా పిల్లల మధ్య వచ్చి కూర్చోమనండి. నేర్పించక్కర్లేదు, వాళ్ల పని వాళ్లు చేసుకుంటుంటే పిల్లలు పక్కన చేరి చూస్తారు. వినాయక చవితికి ముందు వారం మట్టి తొక్కి సిద్ధం చేయడానికి కూడా పెద్ద చేతులు కావాలి. వీలైన రోజు డైరీలో రాసి పంపితే టీచర్ మీకు ఫోన్ చేస్తారు.

నెలాఖరు శనివారం పిల్లల బొమ్మలు వరండాలో పెడుతున్నాం. అన్నీ పిల్లల కళ్లకు అందే ఎత్తులోనే ఉంటాయి, కాబట్టి మీరు కాస్త కిందకి వంగి చూడాల్సి ఉంటుంది. ఉదయం పది నుంచి పన్నెండు వరకు రండి. ఏది ఎవరిదో చూపించడానికి మీ పిల్లలే ఉంటారు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు