మద్రాసు సినిమా జ్ఞాపకాలను ఇప్పుడైనా రికార్డు చేయండి

సంపాదకుల వారికి,

నమస్కారం. ఈటీవీలో హాస్యనటుడు అలీ సినిమావాళ్లతో ముచ్చటించే 'అలీతో సరదాగా' వచ్చే రోజుల్లో మా చెన్నై తెలుగువాళ్ల ఇళ్లల్లో దానికి ప్రత్యేకమైన గిరాకీ ఉండేది. వచ్చే అతిథుల్లో చాలామంది ఒకప్పుడు టి.నగర్‌లోనో, వడపళనిలోనో, సాలిగ్రామంలోనో కాపురం ఉన్నవాళ్లే మరి. 2016లో మొదలైన ఆ కార్యక్రమం ఆగిపోయింది. పాతవాళ్ల చేత జ్ఞాపకాలు చెప్పించే ఆ పనిని మళ్లీ ఎవరూ భుజాన వేసుకోలేదన్నదే నా బాధ.

రాజమండ్రి నుంచి చిన్నపిల్లాడిగా మద్రాసు వచ్చిన అలీ, 1981లో భారతీరాజా 'సీతాకోకచిలుక'తో అందరికీ తెలిశారు. 1994లో 'యమలీల'తో హీరో అయ్యారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి కమెడియన్. ఆడియో ఫంక్షన్లలో మాట జారి తిట్లు తిన్న సందర్భాలూ ఉన్నాయి, అది దాచాల్సిన పని లేదు. కానీ ఎదురుగా ఓ పాత నటి కూర్చుంటే ఆయన తీరే వేరు. పిల్లవాడిగా సెట్లలో తిరిగిన మనిషి కాబట్టి ఏ స్టూడియోలో ఏ ఫ్లోరు, ఏ డైరెక్టరు దగ్గర ఎవరు అసిస్టెంటు అన్నది ఆయనకు ఎవరూ రాసివ్వక్కర్లేదు. "అప్పుడు మీరు ఫలానా చోట ఉండేవారు కదా" అని ఆయన ఒక్క మాట అందిస్తే చాలు, వచ్చినవాళ్లు మిగతాదంతా చెప్పుకుపోయేవారు. జర్నలిస్టు అడిగితే ఆచితూచి చెప్పే విషయం, నవ్వించే మనిషి అడిగితే నోరు జారి బయటికొస్తుంది. పెద్ద హీరోల ఎపిసోడ్లు నాకు అంతగా గుర్తులేవు. అవకాశాలు తగ్గి, అందరూ మరిచిపోయిన వాళ్లు వచ్చినవే గుర్తున్నాయి.

ఇప్పుడు యూట్యూబ్‌లో ఆ కార్యక్రమం ముక్కలు ముక్కలుగా కనిపిస్తోంది. గంట సంభాషణలో కన్నీళ్లు పెట్టుకున్న రెండు నిమిషాలు కోసి, పైన ఓ భయంకరమైన థంబ్‌నెయిల్ తగిలిస్తారు. నాగిరెడ్డి గారి విజయా వాహినీ స్టూడియోలో పని ఎలా జరిగేదో చెప్పిన భాగం మాత్రం ఎవరికీ అక్కర్లేదు.

అమెరికాలో జానీ కార్సన్ కూడా హాస్యగాడే. 1962 నుంచి 1992 దాకా 30 ఏళ్లు టీవీలో అతిథులతో మాట్లాడే 'టునైట్ షో' నడిపారు. అంతటి కార్యక్రమానికీ మొదటి పదేళ్ల టేపుల్లో చాలావాటిని ఆ టీవీ సంస్థ ఎన్‌బీసీ చెరిపేసి మళ్లీ వాడుకుంది. అప్పట్లో టేపు ఖరీదెక్కువ. మనకు ఆ సాకు కూడా లేదు, జేబులో ఉన్న ఫోను చాలు.

అయినా టీవీ పిలిచేది తెర మీద మొహం కనిపించినవాళ్లనే. మేకప్‌మెన్‌లు, కాస్ట్యూమ్ వాళ్లు, ఫైటర్లు, గ్రూపు డాన్సర్లు, డబ్బింగ్ చెప్పినవాళ్లు, ప్రొడక్షన్ బాయ్‌లు... పరిశ్రమ హైదరాబాద్ వెళ్లిపోయినా వీళ్లలో ఎందరో ఇక్కడే ఉండిపోయారు. ఇప్పుడు వాళ్లకు డెబ్బై, ఎనభై ఏళ్లు. విజయా వాహినీ స్థలంలో ఇవాళ ఆసుపత్రి, షాపింగ్ మాల్ ఉన్నాయి. అక్కడ ఏ ఫ్లోరు ఎక్కడ ఉండేదో చూపించగలిగేది వీళ్లే.

ఇక్కడి తెలుగు సంఘాలు ఉగాదికి శాలువాలు కప్పుతున్నాయి, సంతోషం. ఆ ఖర్చులో కొంత రికార్డింగుకు పెట్టమని మనవి. మద్రాసు విశ్వవిద్యాలయంలో తెలుగు శాఖ ఉంది, విద్యార్థులకు దీన్నే ప్రాజెక్టుగా ఇవ్వొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల చలనచిత్ర అభివృద్ధి సంస్థలు ఆ రికార్డింగులను కోతలు లేకుండా, పేరు, తేదీలతో భద్రపరిస్తే బాగుంటుంది. అడిగేవాళ్లు మాత్రం గంభీరంగా ప్రశ్నపత్రం చదివేవాళ్లు కాకూడదు. అలీ గారే ఒకసారి ఇటు వచ్చి పది మందితో కూర్చుంటే మరీ మంచిది. మీ పత్రిక చెన్నై పేజీలో వారానికి ఒకరి గురించి రాసినా పని మొదలవుతుంది. ఎవరెవరు ఎక్కడున్నారో చెప్పడానికి మా పేటలో పాతవాళ్లు చాలామంది సిద్ధంగా ఉన్నారు.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
సాలిగ్రామం, చెన్నై