బోరు నీళ్లు పొలానికే, రేడియేటర్‌కు వద్దు

సంపాదకుల గారికి,

ఎండలు ముదిరితే చౌటుప్పల్ నుంచి సూర్యాపేట దాకా హైవే పక్కన బానెట్ లేపి నిలబెట్టిన కార్లు కనబడుతుంటాయి. 'ఎండకు ఇంజిన్ హీటెక్కింది' అంటారు. ఇందులో ఎండ వంతు కొంతే. పెట్రోలు మండిన క్షణాన, అది మండే గొట్టం లాంటి గది అయిన సిలిండర్‌లో వేడి 2,000 డిగ్రీలు దాటుతుంది. అందులో పైకీ కిందికీ ఆడే పిస్టన్‌దేమో అల్యూమినియం, 660 డిగ్రీలకే కరిగే లోహం. అయినా కరగకుండా ఉందంటే చుట్టూ తిరిగే నీళ్లు, ఆయిలు చలవే.

అంత వేడి ఎందుకు పుడుతుందో తెలియాలంటే ఇంజిన్ వేసే నాలుగు అడుగులు తెలియాలి. పీల్చుడు, ఒత్తుడు, మండుడు, ఊదుడు. పిస్టన్ కిందికి దిగుతుంటే ఇన్‌లెట్ వాల్వు తెరుచుకుని గాలి, పెట్రోలు లోపలికి వస్తాయి. గ్రాము పెట్రోలుకు 14.7 గ్రాముల గాలి. రెండు వాల్వులూ మూసుకున్నాక పిస్టన్ పైకి లేచి ఆ గాలిని సుమారు పదో వంతు జాగాలోకి ఒత్తుతుంది. సైకిల్ పంపు కొడుతుంటే అడుగున వేడెక్కుతుంది కదా, అదే సంగతి. పిస్టన్ ఇంకా పైకి చేరకముందే ప్లగ్గు నిప్పురవ్వ వేస్తుంది. మంట పాకడానికి కొంత సమయం కావాలి; పిస్టన్ కిందికి తిరగ్గానే దాని నెత్తిన పూర్తి ఒత్తిడి పడాలి. చివరికి ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుని కాలిన పొగ సైలెన్సర్ దారి పడుతుంది. నాలుగింటిలో సంపాదించేది మూడో అడుగు ఒక్కటే. మిగతా మూడూ ఫ్లైవీల్ అనే బరువైన చక్రం ఊపు మీద, పక్క సిలిండర్ల బలం మీద నడిచిపోతాయి. డీజిల్ ఇంజిన్‌కు నిప్పురవ్వ వేసే ప్లగ్గు ఉండదు, గాలిని ఇంకా గట్టిగా ఒత్తి ఆ వేడితోనే మండిస్తుంది.

ఈ నాలుగు అడుగులకు, పిస్టన్ ఆటను తిరుగుడుగా మార్చే క్రాంకు రెండు చుట్లు, వాల్వులను తెరిచే క్యాము ఒక చుట్టు తిరుగుతాయి. మీటరు 3,000 ఆర్‌పీఎం (నిమిషానికి క్రాంకు తిరిగే చుట్లు) చూపిస్తోందంటే ఒక్కో సిలిండర్‌లో సెకనుకు 25 సార్లు, నాలుగు సిలిండర్లలో కలిపి 100 సార్లు మంట లేస్తోందన్నమాట. 100 రూపాయల పెట్రోలులో సుమారు 30 రూపాయలది క్రాంకును తిప్పితే, ఇంచుమించు అంతే సైలెన్సర్‌లోంచి పోతుంది. మిగిలిన దాంట్లో చాలా భాగం, నీళ్ల వేడిని బయటి గాలికి వదిలే రేడియేటర్ మోయాలి.

ఎండ వంతు ఇక్కడ మొదలవుతుంది. రేడియేటర్ చల్లార్చేది బయటి గాలికీ లోపలి నీళ్లకూ ఉన్న తేడాను బట్టి. నీళ్లు 95 డిగ్రీలు, చలికాలపు గాలి 20 అయితే తేడా 75. మే నెలలో గాలి 45 అయితే తేడా 50. అంటే మూడో వంతు శక్తి అక్కడే పోయింది. దాని మీద ఏసీ వేసి, నిండా మనుషులతో శ్రీశైలం నుంచి దోమలపెంట ఘాట్ రెండో గేరులో ఎక్కితే చెప్పేదేముంది.

దీనికి తోడు బోరు నీళ్లు. మన నల్లగొండ జిల్లా నీళ్లనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది గానీ రేడియేటర్‌ను చంపేది అది కాదు, సున్నం. ఇంట్లో నీళ్లు కాచే హీటర్ రాడ్డు మీద గోకితే పెచ్చులుగా ఊడే తెల్లటి పొర చూసే ఉంటారు. రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ, సిలిండర్ల మీది మూత అయిన హెడ్‌లో నీళ్లు తిరిగే దారుల్లోనూ అదే పేరుకుంటుంది. వేడి బయటికి పోక అల్యూమినియం హెడ్ వంగుతుంది. హెడ్ విప్పి స్టీలు బద్ద ఆనించి సందు కొలిచే సన్న రేకు ఫీలర్ గేజ్ దూర్చితే, చాలా చిన్న కార్లకు 0.05 మిల్లీమీటర్ల సందు దాటితే చదును చేయించడానికి లేత్‌కు పంపాల్సిందే. హెడ్ కింద సందు మూసే గాస్కెట్ కాలితే నీళ్లు ఆయిల్లో కలిసి, ఆయిలు చూసే పుల్ల డిప్‌స్టిక్ మీద పాలు పోసిన చాయ్ రంగు కనబడవచ్చు. వేడెక్కాక కూడా సైలెన్సర్ తియ్యటి వాసనతో తెల్ల పొగ ఊదుతుంటే అదీ గాస్కెట్ మీదే అనుమానం.

నీళ్లు గడ్డకట్టకుండా రేడియేటర్‌లో పోసే కూలెంట్ మంచు పడని ఊళ్లో ఎందుకని అడుగుతారు. అది మరిగే డిగ్రీని పెంచుతుంది, తుప్పు పట్టనీయదు. రంగు చూసి కాదు, మాన్యువల్‌లో రాసిన రకం చూసి కొనాలి. చిక్కటిదైతే సగానికి సగం డిస్టిల్డ్ వాటర్ కలపాలి. బ్యాటరీ షాపుల్లో దొరుకుతుంది.

ఇంజిన్ వేడి చూపే ముల్లు పైకి పోతుంటే ముందు ఏసీ ఆపి, హీటర్, బ్లోయర్ పూర్తిగా పెట్టండి. చెమటలు పట్టినా కొంత వేడి క్యాబిన్‌లోకి లాగుతుంది. ఆవిరి కనబడినా, ఎర్ర లైటు వెలిగినా పక్కకు ఆపి ఇంజిన్ బంద్ చేయాలి. అరగంటకు తక్కువ కాకుండా ఆగాలి, రేడియేటర్ పై గొట్టం చేతికి చల్లగా తగిలేదాకా దాని క్యాప్ ముట్టొద్దు. లోపల ఒత్తిడిలో ఉన్న నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు, క్యాప్ తిప్పగానే ఒక్కసారిగా మరిగి మొహాన కొడతాయి. కాలుతున్న ఇంజిన్‌లో చన్నీళ్లు పోస్తే హెడ్ పగిలే ప్రమాదమూ ఉంది. ఇంకొకటి: ఎక్కిన ముల్లు ఉన్నట్టుండి పడిపోతే సంతోషించొద్దు. నీళ్లన్నీ పోయి సెన్సర్ గాలిలో ఉన్నా అలాగే చూపిస్తుంది.

మా మెకానిక్‌ల తప్పూ చెప్పాలి. హీటెక్కిన బండి వస్తే, ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనీయని థర్మోస్టాట్ తీసి పారేసే అలవాటు ఉంది. అప్పటికి ముల్లు దిగుతుంది. ఆ తర్వాత ఇంజిన్ ఎప్పుడూ సరైన వేడికి రాక పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిలు జిడ్డు కడుతుంది. థర్మోస్టాట్ ఇరుక్కుపోయి ఉంటే కొత్తది వేయాలి గానీ ఖాళీగా వదలకూడదు. రబ్బరు ఎండిన రేడియేటర్ క్యాప్‌నూ, తిరగని ఫ్యాన్‌నూ చూడకుండా హెడ్ విప్పడం కూడా తప్పే.

హైవే మీది పెట్రోలు బంకుల యజమానులకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. గాలి కొట్టే చోట రేడియేటర్ కోసం పెట్టే డబ్బాలో చాలా చోట్ల బోరు నీళ్లే ఉంటున్నాయి. సిబ్బంది తాగడానికి తెప్పించే ఫిల్టర్ నీళ్ల క్యాన్లలో ఒకటి అక్కడ పెట్టించండి. దారిలో ఇబ్బంది పడ్డ బండి షెడ్డు దాకా చేరడానికి రెండు లీటర్లు చాలు.

— కొందరు కారు మెకానిక్‌లు, నల్లగొండ