చేపలకు మేనరికాలు ఆపించండి, మంత్రి గారూ

గౌరవనీయులైన మత్స్యశాఖ మంత్రి గారికి,

నెల్లూరు జిల్లాలో సోమశిల నీళ్లతో నిండే ఒక చెరువు మీద బతికే మత్స్యకారుల సొసైటీ సభ్యుణ్ని. గ్రీవెన్స్‌లో మూడు అర్జీలిచ్చాను. మూడు రసీదులూ భద్రంగా ఉన్నాయి. జవాబే రాలేదు.

సబ్సిడీ చేపపిల్లలు వచ్చాయి, వదిలారు, ఫొటో దిగారు. కాదనను. కానీ అవి ఏం పిల్లలు సార్? మొన్న వల లాగితే ఒకటి పడింది. తల బొచ్చె చేపది, ఒళ్లు రోహుది. కొనేవాడు తిప్పి తిప్పి చూసి "ఇదేం చేపన్నా?" అని పక్కన పడేశాడు. బొచ్చె పైన మేస్తుంది, రోహు మధ్యలో, మోసు అడుగున. అందుకే కదా మూడూ కలిపి వేస్తాం! గుడ్లు కూడా మూడింటిచేతా ఒకే తొట్టిలో పెట్టిస్తే ఇట్లాంటివే పుడతాయి.

ఇంకోదానికి వెన్ను వంకర, ఒక పక్క మొప్ప మూతే లేదు. నీళ్ల వల్ల కూడా అవుతుందన్నారు ఆఫీసులో. కావచ్చు. పరీక్ష చేసి చెప్పమనే కదా నేనడిగింది.

పిల్లల్ని పుట్టించే హేచరీలో తల్లిచేపల్ని మార్చి ఎన్నేళ్లయిందంటే నవ్వారు. పది ఆడ, పది మగ చేపలతోనే నడిపితే తరానికి రెండున్నర శాతం రక్తసంబంధం పెరుగుతుంది. పాతిక జతలుంటే ఒక శాతం. మా ఇళ్లల్లో మేనరికాలు వద్దని డాక్టరమ్మ తిడుతుంది. ఇక్కడ సర్కారు డబ్బుతో అన్నాచెల్లెళ్లకే పెళ్లిళ్లు!

వనామీ రొయ్యకైతే తల్లులు విమానంలో దిగుతాయి, చెన్నైలో క్వారంటైన్ చేసి మరీ ఇస్తారు. మా బొచ్చెకు అమ్మానాన్నలెవరో రాసిన రిజిస్టరైనా లేదు. గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్ర రోహుల్ని కలిపి పెంచి 1997లో జయంతి రోహు అనే మేలుజాతిని ఇచ్చింది మన దేశమే కదా సార్. కొత్త రక్తం ఎందుకో మీ సైంటిస్టులకు నేను చెప్పాలా?

వానలకు కలుజు పారితే ఇవన్నీ పెన్నలోకే పోతాయి. బొచ్చె, రోహు అసలే ఉత్తరాది నదుల నుంచి వచ్చిన చుట్టాలు. ఆ చుట్టాలైనా సరైన జాతివి రాకపోతే ఎట్లా? ఏటిలో కలిశాక ఏరి తీసేదెవరు?

తల్లిచేపల్ని మార్పించండి. రిజిస్టరు పెట్టించండి. పిల్లల్ని వదిలే ముందు ఒకసారి చూపించండి. అయ్యా, మార్పించండి.

ఆ రెండు చేపల్నీ సొసైటీ పెట్టెలో ఐసు వేసి ఉంచాను. ఎవరినైనా పంపండి. ఐసు ఖర్చు నాదే, అదీ ఈ వారం వరకే.

ఇట్లు,
మూడు రసీదుల అర్జీదారు