వేసవి సెలవులకి సూదులూ కథలూ

చీరాల

అమ్మలూ,

నీకు సెలవు దొరికిన పది రోజుల్లోనూ పిల్లల చేతుల్లోంచి ఫోను తీసేసి ఏం పెట్టాలో రాయమన్నావు. అల్లిక నేర్పు, కథలు చదివి వినిపించు. అయితే పొద్దున ఒక క్లాసు, సాయంత్రం ఒక క్లాసు అని విడగొట్టకు. రెండూ ఒకే గంటలో జరగాలి: ఒకళ్ళు చదువుతుంటే మిగతావాళ్ళు అల్లుతారు. అందుకే చెవిని ఖాళీగా వదిలే అల్లికే కావాలి. అటూ ఇటూ ప్రతి వరసా నిట్ కుట్టే, అంటే సూదల్లికలో మొదట నేర్పే మామూలు కుట్టే, వెయ్యనీ. దానికి తిరగేసిన కుట్టు పర్ల్, దాని జోలికి ఇప్పుడు పోవద్దు, లెక్కపెట్టుకుంటూ అల్లే డిజైను అసలే వద్దు. లెక్క మొదలైతే కథ ఆగిపోతుంది.

ఎండాకాలంలో ఊలు ఒళ్ళో పెట్టుకోలేరు, కాబట్టి నూలు కొను. మన చీరాల మగ్గాల మీద నేసే నూలు దీనికి పనికిరాదు. ఆ 80, 100 నంబర్ల పోగు సన్నం, పిల్లల వేళ్ళకి అందదు. అల్లికల కొట్లో ఎనిమిది పోగుల కాటన్ అని అడుగు. 50 గ్రాముల ఉండ ఒకటి, 4 మిల్లీమీటర్ల సూదులు ఒక జత చాలు. కొందరు కొట్టువాళ్ళు ఆ సూదుల్ని 8వ నంబరంటారు. ఇందులోనూ నూలులాగే నంబరు పెరిగేకొద్దీ సన్నబడుతుంది, పొరపాటున 4వ నంబరు తెచ్చుకునేవు, అవి మరీ లావు. పొట్టి సూదులు తీసుకో, పొడుగువి పిల్లల మోచేతులకి తగులుతాయి. వెదురు సూదులైతే కుట్లు జారిపోవు, మొదట అవే మేలు. చేతులు చెమట పట్టే పిల్లకి మాత్రం వెదురు మీద నూలు పట్టేస్తుంది, అల్యూమినియం ఇవ్వు. రంగు లేతది చూడు. నల్లటి, ముదురు నీలం దారంలో కుట్టు కనబడదు, తప్పు ఎక్కడ జరిగిందో నీకే తెలియదు.

పెద్దదానికి వంటింటి గుడ్డతో మొదలుపెట్టించు. 40 కుట్లు, దాదాపు 20 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది. కుట్లు ఎక్కించే పని నువ్వే చెయ్యి. తోక దారం, అంటే ఉండవైపు కాని కొస, 75 సెంటీమీటర్లు వదులుకో, లేకపోతే 35వ కుట్టు దగ్గర అయిపోయి మొత్తం విప్పాలి. రెండు సూదులూ కలిపి పట్టుకుని వాటి మీద ఎక్కించి, తరవాత ఒకటి లాగేసెయ్. నూలుకి ఊలులాగా సాగే గుణం లేదు, బిగించి ఎక్కిస్తే మొదటి వరసలో సూది దూరదు, పిల్లకి అక్కడే విసుగొస్తుంది. మొదటి రెండు వరసలూ నువ్వే అల్లి ఇవ్వు. ఆ తరవాత దానికి చెప్పాల్సినవి నాలుగే మాటలు: గుచ్చు, చుట్టు, లాగు, వదులు. కాసేపు పైకి అంటూ అల్లనీ. ఆ నాలుగు మాటలూ ఆగిపోయాయంటే చెయ్యి కుదిరినట్టే, కథ మొదలుపెట్టు.

తప్పక వచ్చే గొడవ ఒకటుంది. 40 కుట్లు నాలుగు వరసలయ్యేసరికి 43 అవుతాయి, గుడ్డ చేటలాగా పైకి విప్పారుతుంది. కారణం వరస మొదట్లో ఉంటుంది. తిప్పి పట్టుకున్నప్పుడు దారం సూది మీదుగా వెనక్కి వెళ్తే, మొదటి కుట్టు పైకి లాక్కుని దాని రెండు కాళ్ళూ రెండు కుట్లలాగా కనబడతాయి. పిల్ల రెండూ అల్లేస్తుంది. దారాన్ని సూది కిందనుంచి వెనక్కి తీసుకెళ్ళడం అలవాటు చేస్తే ఈ బాధ ఉండదు. రెండు వరసలకొకసారి, కథలో పేజీ తిప్పినప్పుడు, నువ్వు లెక్కపెట్టు. దానితో పెట్టించకు.

రెండో గొడవ వరస మధ్యలో ఆపడం. మళ్ళీ తీసుకున్నప్పుడు సూదులు తారుమారైతే వచ్చినదారినే వెనక్కి అల్లేస్తారు, గుడ్డ ఒక పక్క ఎత్తు పెరుగుతుంది, మధ్యలో కన్నం పడుతుంది. ఉండ నుంచి వచ్చే దారం వేలాడే సూది కుడిచేతిలో ఉండాలి, గుర్తు అదే. అసలు కథ అయిపోయినా వరస అయ్యేదాకా లేవకూడదని ముందే చెప్పు. జారిన కుట్టు కనబడితే వెంటనే పిన్నీసు గుచ్చి ఉంచు, బాగుచెయ్యడం పిల్లలు పడుకున్నాక. మాటిమాటికీ విప్పి అల్లితే నూలు పోగులు విడిపోయి సూది వాటి మధ్యలో దూరుతుంది. ఒకటో రెండో తప్పులుంటే ఉండనీ, గిన్నెలు తుడిచే గుడ్డేగా.

నిట్ కుట్టులో రెండు వరసలకి ఒక గట్టు లేస్తుంది. 40 కుట్లకి 40 గట్లు వచ్చేసరికి చదరం కావాలి. మూలనుంచి మూలకి మడిచి చూస్తే తెలుస్తుంది. ముగించేటప్పుడు కూడా చెయ్యి వదులుగా ఉండాలి. చివరి తోక 15 సెంటీమీటర్లన్నా వదిలి, లావుసూదితో అటూ ఇటూ దూర్చు. నూలు నున్నగా ఉంటుంది, పొట్టిగా కత్తిరిస్తే మొదటి ఉతుకులోనే బయటికొస్తుంది. గుడ్డ కూడా ఆ ఉతుకులో కొంచెం కుంచించుకుపోతుంది, కంగారుపడకు.

చిన్నాడికి సూదులొద్దు. ఎడంచేతి నాలుగు వేళ్ళ చుట్టూ దారం ముందునుంచీ వెనకనుంచీ మార్చి మార్చి పోనిచ్చి, అలాగే తిరిగి వచ్చి, మళ్ళీ ఒక చుట్టు వెయ్యి. ఒక్కో వేలి మీద రెండేసి ఉచ్చులుంటాయి. కింద ఉచ్చుని పై ఉచ్చు మీదుగా దాటించి వేలి వెనక్కి వదలాలి, అంతే. చేతి వెనకనుంచి తాడు దిగుతూ ఉంటుంది. వేళ్ళ కొసలు ఎర్రబడితే దారం బిగుసుకుందని అర్థం. మధ్యలో పరుగెత్తాల్సి వస్తే నాలుగు ఉచ్చుల్లోనూ పెన్సిలు దూర్చి పక్కన పెట్టు. వాడి తాడు మీ నాన్న కళ్ళజోడుకి కట్టుకుంటారట.

ఇంక చదవడం. ఇరవై నిమిషాల్లో అయిపోయే కథ తీసుకో, ముందు నువ్వొకసారి మనసులో చదువుకో. బేతాళ కథల్లాంటివి ఈ పనికి పెట్టినట్టుంటాయి: చివర ప్రశ్న ఉంటుంది, అక్కడ పుస్తకం మూసెయ్. రెండు వరసలు అల్లేలోపు ఎవరి జవాబు వాళ్ళు చెప్పాక విక్రమార్కుడి జవాబు చదువు. పెద్దదానికి తెలుగు అక్షరాలొచ్చినా వత్తుల దగ్గర తడబడుతుందన్నావుగా. కథంతా దాని నెత్తిన పెట్టకు. సంభాషణల్లో ఒకే పాత్ర మాటలు దానివి, మిగతాదంతా నువ్వు. అప్పుడు సూదులు కింద పెట్టించు, చదివేవాళ్ళు అల్లకూడదు. తప్పు చదివితే వాక్యం మధ్యలో ఆపకు. తరవాతి వాక్యంలో ఆ మాట నువ్వు సరిగ్గా పలుకు, పట్టుకుంటుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చోండి. ఫ్యాను గాలికి దారం ఎగిరి చిక్కుపడుతుంది, ఉండని చెంబులో వేసి పెట్టు.

మీరొచ్చాక వేటపాలెం తీసుకెళ్తాను. అక్కడి సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో మొదలైంది, 1929లో దాని భవనానికి గాంధీగారు శంకుస్థాపన చేశారు. పాత తెలుగు పత్రికలు అక్కడున్నన్ని చాలా చోట్ల దొరకవు. పిల్లలు చదవకపోయినా ఆ బైండు పుస్తకాల లావు చూస్తారు. ఇక్కడ శాఖా గ్రంథాలయానికి శుక్రవారం సెలవు, కాబట్టి గురువారానికి చేరేలా టిక్కెట్లు తీసుకో, ఆ సాయంత్రమే పుస్తకాలు తెచ్చుకుంటాం. పెద్దదానికి గుడ్డ పూర్తయితే అంచుకి లేసు వెయ్యడం నేను చూపిస్తాను. నరసాపురం వైపు ఆడవాళ్ళు వేసేదే, ఒక్క కొక్కెం సూదితో. 1.5 మిల్లీమీటర్లది నా దగ్గరుంది, కొనకు.

గుడ్డ సూదుల మీద ఉండగానే బయల్దేరితే, వరస పూర్తి చేయించి, రెండు మొనలకీ రబ్బరు ముక్కలు గుచ్చి, గుడ్డని సూదులకి చుట్టి సంచిలో పైన పెట్టు. అడుగున పెడితే కుట్లన్నీ రైల్లోనే జారిపోతాయి. అల్లుడుగారికి ఆవకాయ వేరే జాడీలో తీసి ఉంచాను.

అమ్మ